పునీత జోసఫ్ వాజ్: సంక్రాంతి సెలవుల్లో వచ్చే పండుగ

జనవరి 16 పునీత జోసఫ్ వాజ్ గారి పండుగ. మన బడిలో చదివిన వాళ్ళలో ఈ పండుగ జ్ఞాపకం ఉన్నవాళ్ళు ఒక్కరూ ఉండరేమో. ఆ రోజుకు మనమంతా సంక్రాంతి సెలవులకు ఊళ్ళకు వెళ్ళిపోయి ఉండేవాళ్ళం. హాస్టలుకు తాళం, గుడి గంట మోగినా వినడానికి పిల్లలు లేరు. 1995కు ముందు చదివిన బ్యాచ్‌లకైతే అసలు ఆ పండుగే లేదు, ఎందుకంటే అప్పటికి ఆయనకు ధన్యజీవి అనే పేరు కూడా రాలేదు. కాబట్టి అంతోనివారు, ఫ్రాన్సిస్ శౌరివారు, చిన్న తెరేజమ్మ మనకు తెలిసినంతగా ఈయన తెలియరు. గోవాలో, మంగుళూరులో, శ్రీలంకలో మాత్రం ఈయన పేరు వినని కతోలిక ఇల్లు ఉండదు.

స్వర్ణోత్సవ సంచికకు ఒక పునీతుని జీవితం రాయమన్నప్పుడు ఈయన్నే ఎంచుకున్నాను. మన హాస్టల్లో అక్టోబరు నెలంతా రాత్రి భోజనానికి ముందు మోకాళ్ళ మీద జపమాల చెప్పేవాళ్ళం. అది అక్కడ గంట కొట్టినట్టు జరిగిపోయే పని. మనలో సగం మంది కునికిపాట్లు పడేవాళ్ళం, అన్య మతాల పిల్లలు కూడా మనతో పాటు వచ్చి వెనక వరుసలో కూర్చునేవాళ్ళు. ఆ యాభై మూడు మంగళవార్త జపాలు చెప్పుకోవడం నేరమయ్యే రోజులుంటాయని, దాని కోసం ఒక ఊరు ఊరంతా ప్రాణానికి తెగించి ఉండవచ్చని మనకు ఎవరూ చెప్పలేదు. జోసఫ్ వాజ్ జీవితం అలాంటి ఊళ్ళ కథ.

ఆయన 1651 ఏప్రిల్ 21న గోవాలోని బెనావ్లిం అనే పల్లెలో, తల్లిగారి ఊళ్ళో పుట్టారు. తండ్రిది సాంకవాళ్. ఇంట్లో మాట్లాడేది కొంకణి, కులం బ్రాహ్మణ కులం, విశ్వాసం కొన్ని తరాలుగా కతోలికం. పల్లె బడుల్లో పోర్చుగీసు, లాటిన్ నేర్చుకుని పై చదువుకు గోవా నగరంలోని జెస్విట్ల కళాశాలకు వెళ్ళారు. 1676లో గురుపట్టం పొందారు. అప్పటి నుంచే చెప్పులు వదిలేసి పేదవాడిలా వట్టి కాళ్ళతో నడవడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు తనను తాను మరియ మాతకు దాసునిగా రాసి ఇచ్చుకున్నారు.

అప్పటి గోవాలో మనవాళ్ళయిన గురువుల పరిస్థితి ఒక మాట చెప్పుకోవాలి. ఎంత చదివినా, ఎంత భక్తిపరులైనా, ఐరోపా నుంచి వచ్చిన సన్యాస సభలు వాళ్ళను చేర్చుకునేవి కావు. పెద్ద బాధ్యతలు చాలా వరకు పోర్చుగీసు వాళ్ళకే. అందుకని కొందరు గోవా గురువులు తమలో తామే ఒక చోట కలిసి ప్రార్థన చేసుకుంటూ బ్రతకడానికి చిన్న సమూహంగా ఏర్పడ్డారు. 1685లో వాజ్ గారు అందులో చేరారు. ఆయన చేరాక దానికి రోము నగరపు పునీత ఫిలిప్ నేరి గారి ఒరేటరీ పద్ధతి స్థిరపడింది. మఠ ప్రమాణాలు లేకుండా, గురువులు ఒకే కప్పు కింద, ఒకే భోజన బల్ల దగ్గర, ఒకే వేళ ప్రార్థనతో జీవించే పద్ధతి అది. తెల్లవారు చూపిన వివక్షకు జవాబుగా పుట్టిన ఆ సభ మళ్ళీ చాలా కాలం బ్రాహ్మణ కుటుంబాల గురువులనే చేర్చుకుంది. ఇది దాచిపెట్టవలసిన సంగతి కాదు. గుళ్ళో కూడా కులం కూర్చునే చోటును నిర్ణయించిన ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళం మనలో చాలామందిమి. ఆ సభ నుంచే బయలుదేరిన ఈ మనిషి తరువాత ఏ వేషం వేసుకున్నారో చూసేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

ఒరేటరీలో చేరకముందు 1681 నుంచి 1684 దాకా కనరా ప్రాంతంలో, అంటే మంగుళూరు, బస్రూరు, గంగొళ్ళి వైపు పనిచేశారు. అక్కడ గోవా అగ్రపీఠాధిపతికీ, రోము నేరుగా పంపిన పీఠాధిపతికీ అధికారం ఎవరిదన్న తగవు. గురువులు రెండు పక్షాలు, ప్రజలు రెండు పక్షాలు. ఆ తగవు వివరాల్లోకి పోను. వాజ్ గారు ఇద్దరితోనూ మర్యాదగా ఉంటూ, పడిపోయిన గుళ్ళను నిలబెట్టి, చిన్న బడులు పెట్టి, భక్తి సంఘాలను ఏర్పరచి తిరిగి వచ్చారు. ఊరి జనాన్ని ఒక సంఘంగా కూర్చి, తాను లేకపోయినా నడిచేటట్టు చెయ్యడం ఆయన అక్కడే నేర్చుకున్నారని నా అభిప్రాయం.

ఇప్పుడు సిలోను సంగతి. పోర్చుగీసు వాళ్ళ కాలంలో ఆ దీవి తీర ప్రాంతాల్లో చాలామంది కతోలికులయ్యారు. 1656లో కొలంబో, 1658లో జాఫ్నా డచ్చివాళ్ళ చేతికి వచ్చాయి. డచ్చివాళ్ళు కాల్విన్ మతస్థులు. పైగా కతోలికులంటే పోర్చుగీసు పక్షం వాళ్ళని వాళ్ళ అనుమానం. గురువులందరినీ వెళ్ళగొట్టారు. కతోలిక గురువుకు ఇంట్లో చోటిచ్చిన వాడికి మరణ శిక్ష అని చాటింపు వేశారు. గుళ్ళను తమ ప్రార్థనాలయాలుగా, బడులుగా మార్చుకున్నారు. బడి అన్న మాట మనకు ఎంత తీపిగా ఉన్నా, అక్కడ మాత్రం బడే ప్రభుత్వపు కన్ను. జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు బడి దగ్గర ఉండే దస్తరంలో నమోదు కావాలి. అలా నమోదు కాని పెళ్ళి పెళ్ళి కాదు, ఆ పిల్లలకు ఆస్తి హక్కు రాదు. పిల్లలు బడికి రాకపోతే తల్లిదండ్రులకు జరిమానా. పిల్లవాడు పగలు అక్కడ ఒక జ్ఞానోపదేశం వల్లించి, రాత్రి ఇంట్లో దీపం తగ్గించి అమ్మ దగ్గర ఇంకొకటి వల్లించాలి.

ఇలా దాదాపు ముప్పై ఏళ్ళు గడిచాయి. ముప్పై ఏళ్ళంటే పెళ్ళి కాని పిల్ల అమ్మమ్మ అయ్యే కాలం. ఒక్కసారి కూడా పూజ చూడని తరం పెరిగి పెద్దదయింది. గురువు లేకపోతే ఏం పోతుందో ఏం మిగులుతుందో కతోలికులకు బాగా తెలుసు. దివ్యబలిపూజ ఉండదు, పాపసంకీర్తనం ఉండదు, చావు మంచం మీద అభ్యంగనం ఉండదు. జపమాల ఉంటుంది. అవసరంలో ఎవరైనా ఇవ్వదగిన జ్ఞానస్నానం ఉంటుంది. శుక్రవారపు ఒక్కపొద్దు ఉంటుంది. సిలోను కతోలికులు ఆ మిగిలిన దాని మీదే నిలబడ్డారు. కొందరు మరియ మాత స్వరూపాన్ని ఎత్తుకుని లోపలి అడవుల్లోకి పోయారు. ఈనాడు మన గుణదల లాగా మతంతో పని లేకుండా లక్షల మంది వచ్చే మడు యాత్రా స్థలం ఆ పారిపోయిన వాళ్ళు నిలబెట్టుకున్నదే.

ఈ కబురు గోవాకు చేరింది. వాజ్ గారు కనరాకు పోకముందు నుంచే సిలోనుకు వెళ్ళాలని అడుగుతూ ఉన్నారు. 1686లో గోవా నుంచి బయలుదేరి, కాలినడకన, పడవల మీద పడమటి తీరం వెంట దిగి తూత్తుకుడి చేరారు. వెంట ఉన్నది జాన్ అనే సేవకుడు. చిన్నప్పటి నుంచి ఆ కుటుంబంలో పెరిగిన మనిషి, చివరిదాకా నీడలా అంటిపెట్టుకుని ఉన్నాడు. తెల్లవాడైన గురువు ఆ దీవిలో అడుగు పెడితే మొదటి రోజే పట్టుబడతాడు. నల్లనివాడు, వట్టి కాళ్ళవాడు, కూలివాళ్ళలో కూలివాడిగా కలిసిపోతాడు. గోవాలో పైకి రానివ్వని రంగే ఇక్కడ దారి చూపింది. 1687లో గోచీ కట్టిన కూలి వేషంలో ఆ బ్రాహ్మణ గురువు జాఫ్నా ప్రాంతంలో దిగారు. దిగీ దిగగానే రక్త విరేచనాలతో మంచం పట్టారు, మంచం కూడా లేదనుకోండి. ఊరివాళ్ళు ఇచ్చిన గంజితో ప్రాణం నిలిచింది.

లేచి తిరగగలిగాక మొదటి చిక్కు వచ్చింది. కతోలికులెవరో ఎలా తెలుసుకోవడం? అడిగితే ఎవరూ చెప్పరు. అడగడమే ప్రమాదం. ఆయన మెడలో జపమాల వేసుకుని, సిలువ బయటికి కనపడేటట్టు వేలాడదీసి, ఇంటింటికీ బిచ్చానికి వెళ్ళారు. చాలా ఇళ్ళవాళ్ళకు అది ఏదో పూసల దండ. బిచ్చం వేసి తలుపు వేసుకునేవాళ్ళు. ఎక్కడో ఒక చోట, బియ్యం పోస్తున్న చెయ్యి ఆగిపోయి, చూపు ఆ పూసల మీద నిలిచిపోతే అదే గుర్తు. అప్పుడైనా తొందరపడడానికి లేదు. వచ్చినవాడు డచ్చివాళ్ళ వేగులవాడు కాడని ఆ ఇంటివాళ్ళకు నమ్మకమేమిటి? వాళ్ళు చెప్పరని ఈయనకు నమ్మకమేమిటి? రెండు వైపులా భయంతోనే మాట కలిసింది. తరువాత ఆయన సిల్లాలై అనే కతోలిక పల్లెలో తలదాచుకుని, తమిళం పట్టుదలగా నేర్చుకుని, రాత్రిళ్ళు చుట్టుపట్ల ఊళ్ళకు తిరిగారు. చీకటి పడ్డాక చేరడం, అర్ధరాత్రి దాకా పాపసంకీర్తనాలు వినడం, కోడికూతకు ముందు పూజ చెయ్యడం, పసిపిల్లలకు జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళకు ఆశీర్వాదం, తెల్లవారకముందే వేరే ఊరు. ఇదే ఆయన దినచర్య.

1689 క్రిస్మస్ రాత్రి జరిగింది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. జాఫ్నాలో అర్ధరాత్రి పూజకు జనం గుమిగూడి ఉండగా డచ్చి సిపాయిలు ఇళ్ళను చుట్టుముట్టారు. దాదాపు రెండు వందల మందిని పట్టుకున్నారు. పూజా పాత్రలను, స్వరూపాలను చెరిచారు. గురువు మాత్రం చిక్కలేదు. వాళ్ళ మధ్య నుంచే కనపడకుండా దాటిపోయారని భక్తులు చెప్పుకుంటారు. పట్టుబడిన వారిలో ఎనిమిది మంది పురుషులను కఠినంగా దండించారు. కాల్విన్ మతం నుంచి కతోలికంలోకి వచ్చిన ఒకాయన ఆ దెబ్బలకే చనిపోయారు. మిగిలిన ఏడుగురికీ యావజ్జీవం సంకెళ్ళతో చాకిరీ వేశారు.

పునీతుల జీవితాలు రాసేవాళ్ళు సాధారణంగా గురువు తప్పించుకున్న అద్భుతం దగ్గర ఆగి స్తుతి చెప్పి ముందుకు పోతారు. నేను అలా పోలేకపోతున్నాను. గురువును ఇంట్లో పెట్టుకున్నందుకు వాళ్ళు పోయారు, గురువు మిగిలారు. ఈ లెక్క వాజ్ గారికి మనకంటే బాగా తెలిసి ఉండాలి. తాను ఊళ్ళో ఉంటే ఊరికి ముప్పు, లేకపోతే ఊరికి పూజ లేదు. ఆయన జాఫ్నా విడిచారు గాని దీవి విడవలేదు. 1690లో డచ్చివాళ్ళ అధికారం చెల్లని కాండీ రాజ్యపు హద్దుల్లోని పుత్తలంకు వెళ్ళారు. అక్కడి నుంచి 1692లో రాజధాని కాండీ ప్రయాణమయ్యారు. బౌద్ధ రాజు నీడలో ఉంటే, పట్టుబడినా శిక్ష తనకే గాని చోటిచ్చిన వాళ్ళకు కాదని లెక్క వేశారేమోనని నాకనిపిస్తుంది.

ఆ నీడ ముందు జైలుగానే దొరికింది. రాజు రెండవ విమలధర్మసూరియ కొలువులో లానెరోల్ అనే ఫ్రెంచి ప్రొటెస్టెంటు ఒకడుండేవాడు. వచ్చినవాడు గురువు కాడు, పోర్చుగీసు గూఢచారి అని అతడు రాజుకు చెప్పాడు. వాజ్ గారిని, జాన్‌ను బంధించారు. ఆయన ఖైదులో సింహళం నేర్చుకున్నారు. కాపలా సడలే కొద్దీ ఖైదు ఆవరణలోనే ఆకులతో పందిరి వేసి పూజాపీఠం పెట్టుకున్నారు. కాండీలో ఉన్న కతోలికులు ఒక్కొక్కరే అక్కడికి రావడం మొదలుపెట్టారు. గూఢచారి అయితే ఇంత సేపు ప్రార్థన చెయ్యడని రాజుకు అర్థమయింది. వానలు పడక రాజ్యం ఎండిపోయినప్పుడు రాజు ఈయన్ను ప్రార్థించమన్నాడని, నడి వీధిలో సిలువ నాటి మోకరించగానే వాన కురిసిందని చెబుతారు. కాండీలో ఈయన పేరు చెప్పగానే ముందు ఆ వాన కథే వస్తుంది.

నాకు వాన కంటే మశూచి ముఖ్యం. 1697లో కాండీలో అమ్మవారు పోసింది. రాజు నగరం విడిచి వెళ్ళిపోయాడు, ఉన్నవాళ్ళు వెళ్ళిపోయారు. జబ్బు మనుషులను ఇళ్ళవాళ్ళే అడవుల్లో వదిలేశారు. వాజ్ గారు, అంతకు ముందు ఏడాదే గోవా నుంచి వచ్చిన ఆయన మేనల్లుడు ఫాదర్ జోసఫ్ కార్వాలో నగరంలోనే ఉండిపోయారు. వదిలేసిన వాళ్ళ కోసం గుడిసెలు వేశారు, ఖాళీ ఇళ్ళను ఆసుపత్రులుగా చేశారు. పుళ్ళు కడిగారు, అన్నం తినిపించారు, చచ్చిపోయిన వాళ్ళకు గోతులు తవ్వారు. వాళ్ళలో ఎక్కువమంది బౌద్ధులు. రాజు తిరిగి వచ్చాక, ఈ గురువుల వల్లనే వీధుల్లో శవాలు లేకుండా ఉన్నాయని తెలుసుకుని, రాజ్యంలో ఎక్కడైనా తిరిగి బోధించుకోవడానికి అనుమతి ఇచ్చాడు.

అప్పటి నుంచి చనిపోయే దాకా ఆయన చేసింది తిరగడమే. గోవా ఒరేటరీ నుంచి ఒకరి వెనక ఒకరు గురువులు వచ్చారు. అంతా కలిపినా చేతి వేళ్ళ లెక్కే, దీవి నిండా ఊళ్ళు. కొలంబోకు, నీగొంబోకు ఆయన మళ్ళీ వేషాలతో, రాత్రిళ్ళే వెళ్ళేవారు. ఒక ఊరికి గురువు ఏడాదికి ఒకటి రెండు సార్లు వస్తే ఎక్కువ. మిగతా రోజులు ఎవరు చూసుకోవాలి? ఇక్కడే ఆయన అసలు పని కనిపిస్తుంది. ప్రతి ఊళ్ళో ఒక గృహస్థుణ్ణి ఎంచి ప్రార్థన నడిపించే బాధ్యత అప్పగించారు. ఆయన్ను అన్నావి అని, మూప్పు అని అంటారు. అన్నావి అన్నది తమిళం నుంచి పోయిన మాటే, పంతులు అని అర్థం. మన పల్లెల్లో ఉపదేశి గారు చేసిన పనే ఆయనదీ. ఆదివారం జనాన్ని పోగుచేసి జపమాల, ప్రార్థనలు చెప్పించాలి. పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పాలి. వచ్చే పండుగ ఏ రోజో, ఒక్కపొద్దు ఏ రోజో చాటాలి. ప్రాణం పోయేటట్టున్న పసికందుకు జ్ఞానస్నానం ఇవ్వాలి. గురువు వస్తున్నాడన్న కబురు ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో తెలిసి ఉండాలి. ఈ చివరిది మన ఉపదేశుల పనుల్లో లేదు, అదృష్టం.

పండుగలు అలా ఊరి పనులయ్యాయి. 1705లో వచ్చిన ఫాదర్ జాకోమె గొన్సాల్వెస్ సింహళంలో, తమిళంలో ప్రార్థనలు, ప్రసంగాలు, పాటలు రాసి పెట్టారు. ఆయన్ను సింహళ కతోలిక సాహిత్యానికి పితామహుడంటారు. యేసు ప్రభువు శ్రమలను రాగయుక్తంగా చదివే పాసన్ అనే సంప్రదాయం ఆయన రచనల మీద నిలిచినదే. తపస్సు కాలంలో శ్రీలంక పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ అది పాడతారు. మన దగ్గర సిలువ మార్గం రోజున ముసలమ్మలు పుస్తకం చూడకుండా పాడతారే, ఆ దృశ్యమే అనుకోండి. తనకు పీఠాధిపతి పదవి ఇస్తామన్నా వాజ్ గారు వద్దన్నారు. గుడ్డలు, భోజనం మొదటి రోజు ఎలా ఉన్నాయో చివరిదాకా అలాగే.

అడవి దారుల్లో జ్వరాలు ఆయన ఒంట్లో శక్తి తీసేశాయి. చివరి నెలలు కాండీలో మంచం మీదే గడిచాయి. 1711 జనవరి 16న కన్ను మూశారు. అరవై ఏళ్ళు ఇంకా నిండలేదు. దీవిలో కాలు పెట్టి ఇరవై నాలుగేళ్ళు, ఒక్కసారి కూడా గోవా తిరిగి వెళ్ళలేదు. అప్పటి రాజు వీర నరేంద్రసింహుడు కూడా ఆయన్ను గౌరవించినవాడే, అంత్యక్రియలకు అడ్డు చెప్పలేదు.

ఆ రాజు 1739లో పోయాక సింహాసనం ఆయన రాణి తమ్ముడికి వచ్చింది. మదురై వైపు నుంచి వెళ్ళిన నాయకర్ల వంశం అది, మూలంలో తెలుగువాళ్ళు. ఆ తెలుగు మూలాల తొలి రాజు శ్రీ విజయ రాజసింహుడి కాలంలోనే కాండీ రాజ్యంలో గుళ్ళు కూల్చి గురువులను వెళ్ళగొట్టారు. తెలుగువాళ్ళకు ఈ కథలో ఉన్న సంబంధం ఇదొక్కటే, రాయక తప్పదు. వాజ్ గారి సమాధి కూడా ఆ రోజుల్లోనే ఆనవాలు లేకుండా పోయింది. అది ఎక్కడుందో ఇవాళ్టికీ తెలియదు.

కాండీలో చోటు పోయింది, తీరంలో డచ్చి చట్టం అలాగే ఉంది. గురువులు మళ్ళీ చాటుగా, అప్పుడప్పుడు వచ్చేవాళ్ళు. ఆదివారం జపమాల మాత్రం ఆగలేదు, ఎందుకంటే అది గురువు చేతిలో లేదు, అన్నావి చేతిలో ఉంది. ఆయన పోతే ఆయన కొడుకో, పక్కింటాయనో చెప్పించేవాడు. 1796లో ఇంగ్లీషు వాళ్ళు తీర ప్రాంతం తీసుకున్నారు. కతోలికుల మీద ఉన్న నిషేధాలను 1806లో రద్దు చేశారు. చట్టం పుట్టి దాదాపు నూట యాభై ఏళ్ళు. ఆ రోజు వెలుతురులోకి వచ్చిన కతోలికులు వేల మంది, అన్నావులు ఊరూరా ఉన్నారు.

ధన్యజీవిగా రెండవ జాన్‌పాల్ పోపుగారు 1995 జనవరి 21న కొలంబోలో ప్రకటించారు. పునీతునిగా ఫ్రాన్సిస్ పోపుగారు 2015 జనవరి 14న, మామూలుగా అడిగే రెండో అద్భుతం అడగకుండానే, అదే కొలంబోలో సముద్రపు ఒడ్డున గాల్ ఫేస్ మైదానంలో ప్రకటించారు. మన ఊళ్ళలో ఆ రోజు భోగి. తెల్లవారుజామున మంటలు వేసుకుని, పిల్లల తల మీద భోగిపళ్ళు పోసుకుని, సాయంత్రం టీవీ వార్తల్లో ఆ జనసముద్రాన్ని ఒక నిమిషం చూసి ఉంటాం. 1689 క్రిస్మస్ రాత్రి పట్టుబడిన ఆ ఎనిమిది మందికి పండుగ రోజు లేదు. జనవరి 16న ఊళ్ళో ఉన్నవాళ్ళెవరైనా, కనుమ హడావిడి తగ్గాక, జపమాల తీసుకున్నప్పుడు వాళ్ళ కోసం కూడా ఒక పది పూసలు చెప్పండి.